తోట పోకుండా తోటలో ఇల్లు: తీరమా, ఉద్దానమా, కొండ కిందా?

మా బావ హైదరాబాద్‌లో ఉంటాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కంచిలి దగ్గర వాళ్ళ నాన్నగారి జీడి తోటలో 60 సెంట్లు అతని వాటాకి వచ్చింది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్లలు పొద్దంతా ఆ తోటలోనే ఆడి, బయల్దేరేటప్పుడు ఏడ్చారట. ఆ రాత్రే నాకు ఫోను. "బావా, చిన్న ఇల్లొకటి కట్టేద్దాం. ఏడాదికి నాలుగుసార్లు వచ్చి ఉంటాం. బారువ వైపు సముద్రం కనపడేలా 20 సెంట్లు కూడా ఒకాయన చూపించాడు. ఎస్.కోట దగ్గర కొండ కింద ఇంకోటి ఉందట. మూడింటిలో ఎక్కడ కట్టమంటావు?"

శ్రీకాకుళంలో ఇళ్ళ ప్లాన్లు గీసే పని నాది. ఏటా సంక్రాంతి వెళ్ళగానే ఇలాంటి ఫోన్లు నాలుగైదు వస్తాయి. ఆ తర్వాత జరిగేది కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సంక్రాంతికి తోట మీద మనసు పడుతుంది, శివరాత్రికి జేసీబీ దిగుతుంది, ఉగాదికి వెళ్ళి చూస్తే చుట్టూ ప్రహరీ, లోపల బోసి నేల, మధ్యలో స్లాబు ఇల్లు, గేటు పక్కన కుండీల్లో రెండు క్రోటన్ మొక్కలు. ఏ తోట కోసం ఇల్లనుకున్నారో ఆ తోట ఉండదు.

బావతో ఫోనులో ఒక లెక్క వేయించాను. ఏడాదికి నాలుగుసార్లు, వచ్చినప్పుడల్లా అయిదు రోజులు. అంటే 20 రోజులు. మిగతా 345 రోజులూ తాళమే. స్థలమైనా, కప్పైనా, గోడైనా ఎంచుకునేటప్పుడు ఈ లెక్క మర్చిపోకూడదు. వారం వారం చూసుకునే మనిషి ఉన్న ఇంటికి నప్పేవి చాలా, తాళం వేసి ఉండే ఇంటికి నప్పవు.

సముద్రం పక్కన

బ్రోకర్లు ముందు చూపించేది సముద్రమే. ఇటు బారువ, భావనపాడు, కళింగపట్నం, అటు విజయనగరం జిల్లాలో చింతపల్లి, కోనాడ, ముక్కాం, ఎక్కడికి వెళ్ళినా "బీచ్ వ్యూ" అన్న మాటే వినపడుతుంది. బావ చెప్పిన స్థలానికి ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్ళాను. పోటు నీళ్ళు వచ్చి ఆగిన గుర్తు నుంచి ఆ సర్వే రాయికి 130 మీటర్లు. మ్యాపు తీయక్కర్లేకుండానే సంగతి తేలిపోయింది.

2019 జనవరిలో వచ్చిన సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్ ప్రకారం హై టైడ్ లైన్, అంటే పోటు నీళ్ళు వచ్చి ఆగే గీత నుంచి లోపలికి 500 మీటర్ల దాకా తీరప్రాంత నియమాలు వర్తిస్తాయి. పల్లె తీరాల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకి 2,161 మందికి మించి ఉన్న చోట మొదటి 50 మీటర్లు, అంతకంటే పలచగా ఉన్న చోట మొదటి 200 మీటర్లు, కొత్త కట్టడాలు కూడని మేర. మన తీరంలో తోటల మధ్య విసిరేసినట్టుండే ఊళ్ళకి 200 మీటర్లనే అనుకుని లెక్క వేసుకోవడం మంచిది. ఇసుక దిబ్బలు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు అయితే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న తరగతిలోకి వస్తాయి. "పక్కాయన కట్టాడు కదండీ" అంటాడు బ్రోకరు. పక్కాయనకి నోటీసు ఎప్పుడొస్తుందో బ్రోకరు చెప్పడు.

చట్టం సంగతి అలా ఉంచి, దిబ్బ సంగతి చూద్దాం. దిబ్బంటే ఊరికే పడి ఉన్న ఇసుక గుట్ట అనుకుంటాం. ముందు వరసలో నేల మీద పాకే బాలబంద తీగ, రావణాసురుడి మీసాలనే ముళ్ళగడ్డి, వాటి వెనక మొగలి పొదలు, ఆ వెనక సరుగుడు తోపు, ఇవన్నీ కలిసి ఇసుకని పట్టి ఉంచుతాయి. తుపానుకి కెరటం లేస్తే మొదట అడ్డంగా నిలబడేది ఆ దిబ్బే. వాననీళ్ళు ఇంకి, కింద ఉప్పునీటి మీద తేలుతూ నిలిచేదీ ఆ ఇసుకలోనే. అందుకే సముద్రానికి కూతవేటు దూరంలో కూడా పల్లెల నూతుల్లో తియ్యటి నీళ్ళుంటాయి.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. పనిలోకి వచ్చిన కొత్తలో తీరం దగ్గర ఒకరికి ఇల్లు గీశాను. సముద్రం కనపడట్లేదని ఇంటాయన అంటే, అడ్డంగా ఉన్న మొగలి పొదల్ని 40 అడుగుల మేర కొట్టించేయమన్నది నేనే. పక్క తోటలో కాపలా ఉండే తాత వచ్చి చూసి, "మొగలి కొట్టీసినారు గదా బాబూ. ఇంక ఇసుక మీ ఇంట్లోకే వస్తాది" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. వేసవి గాలులు మొదలయ్యాక చూస్తే వరండాలో మోకాలెత్తు ఇసుక, నూతి ఒర చుట్టూ ఇసుక, తలుపు తీయాలంటే ముందు పార పట్టుకోవాలి. మళ్ళీ మొగలి పిలకలు తెచ్చి నాటించాం. అవి కుదురుకోవడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ ఉండలేదు.

ఉప్పుగాలి ఇంకో బాధ. కాంక్రీటుకి సంబంధించిన ఐఎస్ 456 ప్రమాణం తీరపు వాతావరణాన్ని "సివియర్" అంటుంది. ఎం30 బలం ఉన్న కాంక్రీటు, ఇనుప చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, ఉండాలంటుంది. కెరటాల తుంపర తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. మన ఊళ్ళలో మేస్త్రీలు చువ్వ కింద చిన్న రాతిముక్క పెట్టి కవరు అయిందనిపిస్తారు. ఏడాదిలో 345 రోజులు తాళం వేసి ఉండే ఇంట్లో తుప్పు మొదలైందని ఎవరూ చూడరు. స్లాబు పెచ్చు ఊడి మంచం మీద పడ్డాక తెలుస్తుంది.

సముద్రం మీద అంత మోజుంటే నేను చెప్పేది ఒకటే. సరుగుడు తోపు వెనక, 500 మీటర్ల గీత దాటి, ఊరి వైపు కట్టుకోండి. పది నిమిషాలు నడిస్తే సముద్రం. ఆ నడక మీద పిల్లలకి విసుగుండదు, మనకే ఉంటుంది. కట్టినా సముద్రం వైపు దీపాలు వద్దు. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. దాదాపు 50 రోజులకి పిల్లలు బయటికొచ్చి వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. చీకటి తీరం మీద వాటికి కనపడే వెలుతురు సముద్రానిదే కావాలి, మన వరండా బల్బుది అయితే అవి తెల్లారేసరికి కాకుల పాలు.

బీల, తంపర భూముల గురించి, అంటే నీళ్ళు నిలిచే చిత్తడి నేలల గురించి రెండు ముక్కలు. వేసవిలో వచ్చి చూసేవాళ్ళకి పచ్చటి మైదానంలా, చవగ్గా కనిపిస్తాయి. వానాకాలంలో అవి నీళ్ళ కోసం ఉన్న చోట్లు. చుట్టుపక్కల ఊళ్ళ సాగు, చేపలు, పక్షులు అన్నీ వాటి మీదే. 2010లో సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దని ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి. అంత పోరాడి నిలుపుకున్న నేలలో మట్టి పోసి గెస్ట్ హౌస్ లేపడం నా చేత్తో చేయను.

కొండ కింద

ఎస్.కోట వైపు స్థలం ఫొటోలు బావ పంపాడు. వెనక కొండ, పక్కన గెడ్డ (వాగు), బండల మీద నుంచి జారే సన్నటి నీటి ధార. దాంతోపాటు ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఇంటి బొమ్మ. జలపాతం మీద ఇల్లు. "ఇలా కడదాం బావా!"

ఆ ఇల్లు నాకూ ఇష్టమే. ఫాలింగ్‌వాటర్ అంటారు. 1930లలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్, కాఫ్‌మన్ కుటుంబానికి సెలవుల ఇల్లుగా కట్టాడు. జలపాతాన్ని చూస్తూ ఉండే ఇల్లు వస్తుందని వాళ్ళనుకున్నారు, ఆయన తీసుకెళ్ళి జలపాతం నెత్తిన పెట్టాడు. నీళ్ళ చప్పుడు ఇంట్లో వినపడుతుంది, జలపాతం చూడాలంటే మాత్రం కిందికి దిగాలి. గాలిలోకి చాచిన ఆ స్లాబులు కట్టినప్పటి నుంచే వంగుతూ వచ్చాయి. చివరికి 2002లో ఉక్కు తీగలు బిగించి నిలబెట్టారు. అంతటి మేధావి కట్టినదానికే ఆ గతి. మన మేస్త్రీని అలాంటి పరీక్షకి పెట్టొద్దన్నాను.

పైగా మన గెడ్డ స్వభావం వేరు. మార్చిలో పిల్లకాలువ, తుపాను రాత్రి ఏనుగు. గెడ్డ ఎక్కడిదాకా వస్తుందో గెడ్డే చెబుతుంది: ఒడ్డున గుండ్రటి రాళ్ళు ఎంత దూరం పరుచుకుని ఉన్నాయో, పొదల్లో చెత్తాచెదారం ఎంత ఎత్తులో చిక్కుకుని ఉందో చూడండి. ఆ గుర్తుకి ఇంకో నాలుగడుగులు పైనే మన ముగ్గు పడాలి. బావ స్థలంలో మూడొంతుల నేల ఆ గుర్తుకి కిందే ఉంది.

కొండవాలుని నిలువుగా కోసి చదును చేయడం ఇంకో తప్పు. తూర్పు కనుమల్లో చాలా చోట్ల ఉన్నది ఖొండలైట్ రాయి. ఎండకీ వానకీ మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. గడ్డి, చెట్ల వేళ్ళు పట్టుకున్నంతసేపే అది కదలదు. కోసిన చోట రెండు వానలకే మట్టి చాళ్ళుగా జారుతుంది. వాలు మీద కట్టాలంటే నేలని మెట్టుగా కోసే బదులు ఇంటినే మెట్లు మెట్లుగా దించాలి: పై మెట్టున పడగ్గది, మూడడుగులు కింద వంటిల్లు, ఇంకో మూడడుగులు కింద వరండా. రాతి గోడకి ఖర్చు తగ్గుతుంది, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యలకి ఇబ్బంది పెరుగుతుంది. రెండూ చూసుకోవాలి.

కొండ పైకి వెళ్ళేకొద్దీ ఏజెన్సీ మొదలవుతుంది. పార్వతీపురం మన్యం వైపు, అరకు వైపు షెడ్యూల్డు ప్రాంతాల్లో 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. "బినామీ పేరు పెడదాం, అగ్రిమెంటు రాసుకుందాం" అనేవాళ్ళ దగ్గర టీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి.

ఉద్దానం తోట

ఇక మిగిలింది బావ సొంత తోట. నా ఓటు మొదటి నుంచీ దీనికే. భూమి కొనక్కర్లేదు, తీరానికి తగినంత దూరం, నీడ ఇప్పటికే ఉంది. ఉద్యానవనమే ఉద్దానమైందంటారు. కవిటి, సోంపేట, మందస వైపు వెళ్తే జీడి, కొబ్బరి, పనస కలిసి పెరిగిన ఆ తోటల్లో నడి వేసవిలో కూడా చెట్టు కింద పడుకోవచ్చు. అయితే ఇక్కడ అన్నిటికంటే తేలిగ్గా చెడిపోయేదీ ఆ నీడే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. బావ తోటలో 31 జీడి చెట్లుంటే తొమ్మిది పోయాయి. మిగిలిన 22 చెట్ల మధ్య ఆ ఖాళీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఆ తోటకి వెళ్ళిన రోజు కొలత టేపు కంటే ముందు సున్నం బస్తా తెప్పించాను. ప్రతి చెట్టు కిందా కొమ్మ చివరి ఆకు నేల మీద ఎక్కడ పడుతుందో అక్కడ నిలబడి, చుట్టూ ముగ్గు పోయించాను. జీడి చెట్టు పొడుగు తక్కువ, పరుపు ఎక్కువ. ఒక్కో గుండ్రం 25, 30 అడుగులు వచ్చింది. మధ్యాహ్నానికి తోట నిండా 22 తెల్లటి గుండ్రాలు, కొన్ని ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. ఆ గుండ్రం లోపల చెట్టు తిండి తినే వేళ్ళుంటాయి. అక్కడ తవ్వకూడదు, లారీ తిరగకూడదు, కంకర పోయకూడదు, సిమెంటు కలపకూడదు. ఇదేమీ చాదస్తం కాదు. నేను చూసిన ఒక తోటలో చెట్టుని కొట్టలేదు, కొమ్మైనా విరవలేదు, చెట్టు మొదలు దగ్గర ఆరు నెలలు ఇసుకా కంకరా కుప్ప పోశారంతే. రెండో ఏడాది పూత రాలేదు, మూడో ఏడు ఎండిపోయింది.

గుండ్రాలు పోయగా ఇల్లు పట్టే ఖాళీలు రెండే తేలాయి. ఒకటి తోట నడిమధ్యన, తిత్లీకి నాలుగు చెట్లు పడిన చోటు. రెండోది రోడ్డు వైపు మూల, పాత కల్లం.

బావకి నడిమధ్యే కావాలి. ఎవరికైనా అదే నచ్చుతుంది. చుట్టూ చెట్లు, పైన ఆకాశం, రోడ్డు కనపడదు. నేను కల్లం దగ్గరే అన్నాను. ఫోనులో అరగంట వాదన. నా వాదన ఇది. నడిమధ్యకి లారీ వెళ్ళాలంటే అయిదు గుండ్రాలు తొక్కుకుంటూ వెళ్ళాలి. ఇల్లు 900 చదరపు అడుగులు, 60 సెంట్లలో నూటికి నాలుగు పాళ్ళు కూడా కాదు. కానీ దారి, కంకర కుప్ప, నీళ్ళ తొట్టి, కూలీల షెడ్డు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు స్తంభం కలిసి దాని చుట్టూ ఇంకో మూడింతలు తింటాయి. కల్లమైతే ఎప్పుడో మూడు తరాల కిందట ఎడ్లు తొక్కి గట్టిపరిచిన నేల, అక్కడ గడ్డి కూడా సరిగ్గా మొలవదు, రోడ్డు నుంచి లారీ నేరుగా వస్తుంది. ఇంకో మాట కూడా అన్నాను. నడిమధ్య ఖాళీలో ఇల్లు కడితే రేపు ఇంటి కిటికీలోంచి ఆ ఖాళీ చూడలేవు బావా, దాని మీదే కూర్చుంటావు. అక్కడ నులక మంచం వేసుకుందాం. బావ "ఆలోచిస్తా" అన్నాడు. రెండో రోజు ఫోను చేసి, "మంచాలు రెండు వేద్దాం" అన్నాడు.

నేలని ఎంత ముట్టుకోవాలి

ఇక్కడ దారులు మూడు. జేసీబీతో చదును చేసి కట్టడం, ఉన్న ఎత్తుపల్లాల మీదే పునాది దించడం, స్తంభాల మీద నేలకి ఎడంగా నిలపడం.

మొదటిది మేస్త్రీలకి ఇష్టం, కొలతలు తేలిక. తోటలో మాత్రం పైమట్టి అర అడుగు లేచిపోయిందంటే ఏళ్ళ తరబడి రాలిన ఆకు ఎరువంతా పోయినట్టే. జేసీబీకి గుండ్రాలు కనపడవు, డ్రైవరుకి గంట లెక్క కనపడుతుంది.

స్తంభాల ఇల్లు పత్రికల్లో బాగుంటుంది. వేళ్ళున్న చోట నిజంగానే మేలు. పొడవాటి పునాది కందకం తవ్వితే దారిలో ఉన్న వేళ్ళన్నీ తెగుతాయి, స్తంభమైతే గుంట ఉన్న చోటే. వేరు అడ్డొస్తే స్తంభాన్ని అడుగు జరపొచ్చు. కానీ ఇల్లంతా స్తంభాల మీద పెడితే కింద రెండడుగుల చీకటి ఖాళీ మిగులుతుంది. తాళం వేసి ఉండే ఇంటి కింద అలాంటి ఖాళీలో ఏమేం కాపురం పెడతాయో ఉద్దానం వాళ్ళకి చెప్పక్కర్లేదు. తుపాను గాలి కింది నుంచి కూడా దూరుతుంది.

బావ ఇంటికి రెండూ కలిపాను. కల్లం మీద రెండు గదులు, వంటిల్లు మామూలు రాతి పునాది మీద, రెండడుగుల ఎత్తున. తోట వైపు వరండా ఒక చెట్టు గుండ్రంలోకి ఎనిమిదడుగులు వెళ్తుంది కాబట్టి అది మాత్రం నాలుగు స్తంభాల మీద, కింద మట్టి నేల అలాగే ఉండేలా. ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో చెట్టు అడ్డొస్తే గోడనే వంచేవాడు. మన మేస్త్రీ చేత గోడ వంపించడం కష్టం గానీ స్తంభం జరిపించడం కష్టం కాదు.

కప్పు దగ్గరే అసలు తేడా

ఎవరైనా మొదట అడిగేది తాటాకు కప్పు. నిజమే, చల్లగా ఉంటుంది, తోటలో కలిసిపోతుంది. మన తీరపు పల్లెల చుట్టిళ్ళు చూసినవాళ్ళకి తెలుసు: గుండ్రటి గోడ, నేలకి వంగిన చూరు, గాలి ఎటు నుంచి వచ్చినా చుట్టూ జారిపోతుంది. కానీ తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, పొయ్యి పొగ తగులుతూ ఉంటేనే పురుగు పట్టదు. తాళం ఇంట్లో పొగెక్కడిది? చుట్టింటి నుంచి తీసుకోవలసింది తాటాకు కంటే దాని ఆకారం.

రేకుల కప్పు చవక. ఊడి ఎగిరిందంటే పక్కింటాయన మెడ మీదికి వెళ్ళే కత్తి. ఇంక దాని గురించి రాయను.

బంగాళా పెంకు నాకు ఇష్టం. నాలుగు వైపులా వాలుండేలా, ముప్ఫై డిగ్రీల వాలుతో వేస్తే గాలికి బాగా తట్టుకుంటుంది. రెండు వాలుల కప్పుకి పక్కనుండే త్రికోణపు గోడే ముందు పడుతుంది. చూరు అడుగున్నర కంటే బయటికి చాచకూడదు, కింద గాలి పట్టి లేపేస్తుంది. అంచు వరసల పెంకుల్ని తీగతో కట్టాలి, వాసాల్ని గోడలోని కాంక్రీటు బెల్టుకి ఇనుప పట్టీలతో బిగించాలి. ఈ తీరానికి గాలి వేగం సెకనుకి 50 మీటర్లుగా, అంటే గంటకి 180 కిలోమీటర్లుగా లెక్కగట్టి డిజైన్ చేయాలని మన ప్రమాణాలు చెబుతాయి. తుపాను కన్ను దాటాక గాలి ఎదురు తిరుగుతుంది, కాబట్టి "ఈ వైపు గాలి రాదులే" అన్న మాట చెల్లదు. పెంకుటింట్లో చిక్కల్లా కోతులతో. నాలుగు పెంకులు జరిగితే చూసేవాడు లేక వర్షాకాలమంతా గదిలో కారుతుంది.

అందుకని మళ్ళీ కలగలుపు. తాళం పడే గదుల మీద స్లాబు, మధ్యమధ్యలో పాత పెంకులు పొదిగి పోసే ఫిల్లర్ స్లాబు. సిమెంటు తగ్గుతుంది, వేడీ కొంత తగ్గుతుంది. వరండా మీద పెంకులు. ఆ వరండా కప్పుని గదుల కప్పుతో కలపకుండా విడిగా నిలపాలి. రేపు పెద్ద గాలికి వరండా కప్పు పోయినా ఇంటి కప్పుని తనతో లాక్కుపోదు.

గోడలకి అంత ఆలోచన అక్కర్లేదు. మట్టి గోడకి ఏటా అలుకు పూత కావాలి, వచ్చేది 20 రోజులకి. ఎర్ర ఇటుకతో ర్యాట్ ట్రాప్ పద్ధతిలో, ఇటుకల్ని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలి కడితే నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, లోపల చల్లగానూ ఉంటుంది. మేస్త్రీకి రాకపోతే మొదటి రెండు వరసలు పక్కన నిలబడి కట్టించాలి. పునాది రాయికి టెక్కలి క్వారీల్లో మిగిలే ముక్కరాయి చాలు. రంగు మీ ఇష్టం, తెలుపు వద్దు, తోటలో జీడి జిగురు మరకలు పోవు.

నీళ్ళు, సెప్టిక్, కంచె

ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మనందరి ఇళ్ళలో ఉన్నదే. తాగడానికి బోరు నీళ్ళ మీద ఆధారపడే ఆలోచన పెట్టుకోకండి. హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే నీళ్ళు ఊరికి అందుతున్నాయో లేదో ముందు చూసుకోండి. వాడుకకి వాననీళ్ళు చాలావరకు సరిపోతాయి. మన జిల్లాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లు దాటే పడుతుంది. 900 అడుగుల కప్పు మీద ఆ వెయ్యి మిల్లీమీటర్లలో అయిదో వంతు పోయిందనుకున్నా 65 వేల లీటర్ల పైనే. 20 రోజులు ఉండే కుటుంబానికి 10 వేల లీటర్ల తొట్టి ఎక్కువే, మిగతాది నూతి పక్కన ఇంకుడు గుంతకి.

సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే గుంట నూతికి కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. మన నూతికే కాదు, పక్క తోట నూతికి కూడా. ఇసుక నేల నీళ్ళని వడకట్టేస్తుందని అనుకుంటారు. చాలా తొందరగా కిందికి దింపేస్తుందన్నది కూడా గుర్తుండాలి.

ప్రహరీ దగ్గర బావ మళ్ళీ మొండికేశాడు. "ఎలుగుబంట్లు తిరుగుతాయి బావా, గోడ లేకపోతే ఎలా?" నిజంగానే తిరుగుతాయి. జీడి పళ్ళు, పనస పళ్ళు పండే రోజుల్లో ఉద్దానం తోటల్లోకి వస్తాయి, మనుషుల మీద పడిన సంఘటనలూ ఉన్నాయి. ఈ మాట తోట చూసుకునే అప్పలనర్సమ్మ పిన్నితో అంటే ఆవిడ నవ్వింది. "గోడెక్కి లోపలికొచ్చిన గుడ్డేలుగు తిరిగి ఎలగెళ్తాది బాబూ? మీ వరండాలోనే తొంగుంటాది." ఆవిడ చెప్పింది సబబే. అయిదడుగుల గోడ ఎలుగుకి పెద్ద అడ్డేమీ కాదు, భయపడి పరిగెత్తేటప్పుడు మాత్రం దారి దొరకదు. వాననీళ్ళ దారినీ అడ్డుకుంటుంది, పునాది పొడవునా సరిహద్దు చెట్ల వేళ్ళు తెగుతాయి. ఇంటి చుట్టూ నాలుగడుగుల ఇనుప మెష్, తోట సరిహద్దుకి ఉన్న మొగలి, నాగజెముడు కంచె అలాగే. పనస తొక్కలు ఇంటి దగ్గర పారేయకూడదు. చీకటి పడ్డాక జీడి పళ్ళ కుప్ప దగ్గరికి పిల్లలు వెళ్ళకూడదు. బాత్రూము బయట కాకుండా ఇంట్లోంచే వెళ్ళేలా ఉండాలి.

ఆ బాత్రూము దగ్గరే చివరి పేచీ వచ్చింది. ముగ్గు పోసే రోజు చూస్తే, కల్లం అంచున ఉన్న పనస చెట్టు కొమ్మ ఒకటి సరిగ్గా బాత్రూము మీదికి వస్తోంది. కాపు కాసే కొమ్మ. మేస్త్రీ కత్తి తెప్పించాడు. బావ వీడియో కాల్‌లో ఉన్నాడు. "ఆ కొమ్మకి కాసిన పనసకాయలే నాన్న హైదరాబాద్ పంపేవాడు బావా" అన్నాడు. బాత్రూము మూడడుగులు ఇవతలికి జరిపి, పాత ముగ్గు కాలితో చెరిపి, కొత్తది పోయించాం.